లిథియం వాడుతున్న మేనల్లుడికి

చిన్నా, ఆశీస్సులు.

బైపోలార్‌కి, అదే మనసు ఓసారి మితిమీరి ఎగిసి ఓసారి దిగులులో కుంగే జబ్బుకి, లిథియం మొదలైంది కదా, ఇక రోజు ఎలా గడపాలని అడిగావు. ముందు నిద్ర సంగతి చూసుకో, మిగతావన్నీ దాని తర్వాతే.

పడుకోగానే నిద్ర పట్టడం మన చేతిలో లేదు. లేవడం మాత్రం మన చేతిలోదే. ఉదయం 6:30 అనుకుంటే ఆదివారమైనా, రాత్రి సరిగ్గా పట్టకపోయినా ఆ వేళకే లే. లేచి అరగంట ఎండ పొడలో నడువు. ఇంట్లో వాళ్ళతో మొదటి మాట, పని మొదలుపెట్టడం, రాత్రి భోజనం, పక్క ఎక్కడం, ఈ నాలుగూ కూడా రోజూ ఒకే వేళకి జరగాలి. అరగంట అటూ ఇటూ అయితే ఏం కాదు. రెండు గంటలు జారితే మాత్రం మనసూ జారుతుంది. మధ్యాహ్నం 2 దాటాక కాఫీ వద్దు. అమెరికా వాళ్ళ కాల్స్ కోసం రాత్రి షిఫ్టు వేస్తామంటే డాక్టరు దగ్గర లెటరు రాయించుకుని ఇవ్వు, మొహమాటపడకు. యోగా, ధ్యానం చెయ్యమని పదిమంది చెప్తారు. మంచివే, కానీ ఈ వేళలు కుదిరాక.

నిద్ర పట్టకపోవడం వేరు, నిద్ర అక్కర్లేకపోవడం వేరు. మూడు గంటలు పడుకుని లేచినా నీరసం లేదు, బుర్రలో ఒకదాని మీద ఒకటి ఆలోచనలు, మాట జోరు పెరిగింది. ఇంట్లో వాళ్ళు "ఎన్నాళ్ళకి హుషారుగా ఉన్నాడో" అని మురిసిపోతారు కూడా. మేనియా, అంటే మనసు అలా మితిమీరి ఎగిసిపోవడం, చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది. వరసగా రెండు రాత్రులు ఇలా అయితే డాక్టరుకి ఫోన్ చెయ్యి, మూడో రాత్రి దాకా ఆగకు. శివరాత్రి జాగారం నీకు వద్దు. తెల్లవారుజాము ముహూర్తాల పెళ్ళిళ్ళకి పొద్దున వెళ్ళి అక్షింతలు వేసిరా, ఎవరూ ఏమీ అనుకోరు. గోడ క్యాలెండర్‌లో రోజూ గడిలో మూడు రాయి: ఎన్ని గంటలు పడుకున్నావు, మనసు ఎలా ఉంది (బాగా దిగులైతే −3, మితిమీరిన హుషారైతే +3), మాత్ర వేసుకున్నావా. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం చింపి పట్టుకెళ్ళు.

ఇప్పుడు లిథియం. ఉప్పు తగ్గినా ఒంట్లో నీరు తగ్గినా కిడ్నీలు ఉప్పులోని సోడియాన్ని పట్టి ఉంచుతాయి, దాంతోపాటు లిథియాన్నీ ఆపేస్తాయి. మోతాదు మారకపోయినా రక్తంలో మందు పెరిగిపోతుంది. బెజవాడ మే ఎండలు, విరేచనాలు, ఉన్నట్టుండి చప్పిడి తిండి, పచ్చి ఉపవాసం, అన్నీ ఇదే పని చేస్తాయి. ఉప్పు రోజూ ఒకే తీరుగా తిను, నీళ్ళు బాగా తాగు. అయ్యప్ప దీక్ష వేస్తానంటే ముందు డాక్టరుని అడుగు. ఒళ్ళునొప్పులకి మెడికల్ షాపువాడు ఇచ్చే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ముట్టకు, పారాసిటమాల్ చాలు. బీపీ మాత్ర కొత్తగా రాస్తే లిథియం సంగతి చెప్పు.

రక్తపరీక్ష చివరి మాత్రకి సరిగ్గా 12 గంటల తర్వాత ఇవ్వాలి. రాత్రి 9కి వేసుకుంటే పొద్దున 9కి, ఉదయం మాత్ర ఉంటే అది వేసుకోకముందే. తొందరపడి ఇస్తే లెక్క ఎక్కువ చూపిస్తుంది, డాక్టరు అనవసరంగా మోతాదు తగ్గించేస్తాడు. మామూలుగా లీటరుకి 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు. కిడ్నీ, థైరాయిడ్, కాల్షియం 6 నెలలకోసారి చూపించు. చేయి సన్నగా వణకడం మామూలే. గ్లాసు పట్టుకోలేనంత వణుకు, వాంతులు, మాట ముద్దగా రావడం, నడకలో తూలడం కనిపిస్తే తర్వాతి మాత్ర ఆపి అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్ళు. ఒక మాత్ర మర్చిపోతే ఆ తర్వాత రెండు కలిపి వేసుకోకు. బాగున్నానని సొంతంగా మానెయ్యకు, ఒక్కసారిగా మానేస్తే జబ్బు తిరగబెడుతుంది.

మేనియాలో డబ్బు దగ్గర చెయ్యి ఆగదు, అందుకే ఇప్పుడే యూపీఐ పరిమితి తగ్గించుకో. పెద్ద కొనుగోలైతే రెండు రాత్రులు నిద్రపోయాకే. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం వైద్యం విషయంలో నీ తరఫున మాట్లాడే మనిషిని నువ్వే రాసి పెట్టుకోవచ్చు. మీ అన్నయ్య పేరు రాయి, బాగున్నప్పుడే.

దిగులు రోజుల్లో నడక పది నిమిషాలకి తగ్గించినా ఫరవాలేదు, స్నానం, లేచే వేళ మాత్రం వదలకు. పాత చీటీలోని దిగులు మాత్రలు సొంతంగా మొదలుపెట్టకు, అవి మేనియాలోకి తోసెయ్యగలవు. చచ్చిపోవాలనిపిస్తే ఒంటరిగా ఉండకు. అన్నయ్యని లేపు, లేదా టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యి, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. నాకైతే ఏ వేళప్పుడైనా చెయ్యొచ్చు.

నీ మేనత్త