బాక్టీరియాకు పేరు పెట్టే ముందు

చిరంజీవి సింధుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మైక్రోబయాలజీలో పోస్టింగ్ పడిందని, బాక్టీరియా పెంచిన ప్లేటు చూడగానే సీనియర్లు "ఇది క్లెబ్సియెల్లా, అది ప్రోటియస్" అనేస్తుంటే టెన్షన్‌గా ఉందని రాశావు. వాళ్లు చెప్పేది చాలాసార్లు నిజమే అవుతుంది. నువ్వు మాత్రం అప్పుడే పేరు జోలికి పోకు. ముందు నీ చేతిలో ఉన్నది ఒకే రకమా, రెండు కలిశాయా తేల్చుకో. కలిసిన గ్రోత్ మీద ఏ టెస్టు పెట్టినా ఏదో ఒక రిజల్ట్ వస్తుంది, దాన్ని నమ్మడానికి లేదు. విడిగా ఉన్న కాలనీ (ఒకే రకం బాక్టీరియా గుంపు) దొరక్కపోతే కొత్త ప్లేటు మీద పలచగా గీసి, అంటే మళ్లీ స్ట్రీక్ చేసి రేపటిదాకా ఆగు. వార్డు నుంచి ఫోన్లు వస్తాయి, రానీ. బయోకెమికల్స్ (గుర్తించడానికి చేసే రసాయన టెస్టులు) పెట్టేటప్పుడు అదే సస్పెన్షన్‌తో, అంటే బాక్టీరియా కలిపిన ద్రవంతో, ఒక ప్యూరిటీ ప్లేటు కూడా వేసుకో, రెండు రకాలు కలిశాయేమో అదే చెబుతుంది. మర్నాడు ముందు దాన్నే చూడు.

గ్రామ్ అనే డెన్మార్క్ డాక్టరు 1884లో ప్రచురించిన స్టెయిన్‌తోనే ఇప్పటికీ మన పని మొదలవుతుంది. స్టెఫిలోకాకస్ లాంటి గ్రామ్ పాజిటివ్‌లు ఊదాగా, ఈ. కోలై లాంటి గ్రామ్ నెగటివ్‌లు గులాబీగా కనబడాలి. అందులో చెయ్యి తప్పేది ఎక్కువగా రంగు కడిగే దగ్గర. అసిటోన్ అయితే రెండు మూడు సెకన్లే. స్లైడు వాల్చి పట్టుకుని చుక్కలుగా వదులు, కారే చుక్కలో ఊదా రంగు ఆగగానే నీళ్లు పోసెయ్. ఆలస్యమైతే స్టెఫిలోకాకస్ కూడా గులాబీగా కనబడుతుంది. స్మియర్ (స్లైడు మీది పూత) మందంగా ఉంటే ఈ. కోలై ఊదాగానే ఉండిపోతుంది. అనుమానంగా ఉంటే తెలిసిన స్ట్రెయిన్లు రెండూ అదే స్లైడు మీద పక్కన పెట్టి చూడు.

కెటలేజ్ టెస్టుకి (హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో బుడగలొస్తాయేమో చూసేది) బ్లడ్ అగార్ (రక్తం కలిపిన ప్లేటు) నుంచి తీస్తే అగార్ గీరుకోకు, రక్తకణాలకే బుడగలొస్తాయి. ఆక్సిడేజ్ అనే రంగు టెస్టుకి నైక్రోమ్ తీగ లూప్ వద్దు, చెక్కపుల్ల వాడు. పది సెకన్లలో వచ్చిన రంగే చూడు. ట్యూబ్ కోయాగ్యులేజ్ (ప్లాస్మా గడ్డకడుతుందేమో చూసే టెస్టు) నాలుగు గంటలకు తప్పక చూడాలి. కొన్ని స్ట్రెయిన్లు కట్టిన గడ్డను తామే కరిగించేస్తాయి, మర్నాడు చూస్తే నెగటివ్ అనుకుంటావు.

టీఎస్ఐ (ట్రిపుల్ షుగర్ ఐరన్, మూడు చక్కెరలున్న అగార్ ట్యూబు) దగ్గర మాత్రం తొందరపడకు. అందులో గ్లూకోజు కొంచెమే, లాక్టోజు, సుక్రోజు దానికి పదింతలు. గ్లూకోజు మాత్రమే వాడగలిగే బాక్టీరియా మొదట్లో ట్యూబు మొత్తాన్నీ పసుపు చేసేస్తుంది. అది అయిపోయాక పైభాగంలో గాలి తగిలే చోట పెప్టోన్ తింటుంది, అక్కడ మళ్లీ ఎరుపు తిరుగుతుంది. అందుకే 18 నుంచి 24 గంటల మధ్య చదవాలి. పొద్దున్న పెట్టి సాయంత్రం చూస్తే సాల్మొనెల్లా కూడా మొత్తం పసుపుగా ఈ. కోలై లాగే కనబడుతుంది. మూత వదులుగా పెట్టు.

టైఫాయిడ్ అనుమానమున్న బ్లడ్ కల్చర్‌లో మెకాంకీ అగార్ మీద రంగులేని (లాక్టోజు వాడని) కాలనీలు వచ్చాయనుకో. టీఎస్ఐ పైన ఎరుపు, కింద పసుపు, గ్యాస్ లేదు, గుచ్చిన గీత దగ్గర సన్నగా నలుపు. ఇండోల్, సిట్రేట్, యూరియేజ్ మూడూ నెగటివ్, మోటిలిటీ పాజిటివ్. ఇదంతా సాల్మొనెల్లా టైఫీ వైపే చూపిస్తుంది. అయినా యాంటీసీరాతో (ఆ బాక్టీరియాను పట్టుకునే యాంటీబాడీలున్న సీరంతో) ముద్దలు కడుతుందేమో చూడనిదే రిపోర్టు రాయకు. ముందు వట్టి సెలైన్‌లో కలిపి చూడు, అక్కడే ముద్దలు కడితే ఆ టెస్టు చెల్లదు. ఓ9 (బాక్టీరియా గోడ మీది గుర్తు) సీరంతో ముద్దలు రాకపోతే వీఐ (దాని పైపొర) సీరంతో చూడు. వీఐ పొర ఓ9ని కప్పేస్తుంది కాబట్టి, సస్పెన్షన్‌ను మరిగించి చల్లార్చాక ఓ9 మళ్లీ చెయ్యి.

ఇంకోటి. సూడోమోనాస్ తియ్యటి వాసనతో తెలిసిపోతుందని కొందరు ప్లేటు మూత తీసి వాసన చూస్తారు. ఎవరు చూసినా నువ్వు చూడకు. మన ప్రాంతంలో మెలియాయిడోసిస్ అనే తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉంది. దాన్ని కలిగించే బర్ఖోల్డేరియా అనే బాక్టీరియా పీల్చినా సోకుతుంది. అదీ సూడోమోనాస్ లాగే ఆక్సిడేజ్ పాజిటివ్ గ్రామ్ నెగటివే. అందుకే దాన్ని సూడోమోనాస్ అనో, కంటామినేషన్ అనో పక్కన పడేస్తుంటారు. షుగర్ ఉన్న రోగి, వానాకాలం, పొలం పని, బాక్టీరియా కొలిస్టిన్, జెంటామైసిన్ మందులకు లొంగదు, కో-అమాక్సిక్లావ్‌కు లొంగుతుంది. ఇవన్నీ ఒకచోట కనబడితే ప్లేటు సేఫ్టీ క్యాబినెట్‌లోకి మార్చి, వెంటనే మీ మైక్రోబయాలజిస్టుకు చెప్పు. కాలనీలు ముడతలు పడేదాకా ఎదురుచూడకు, దానికి మూడు నాలుగు రోజులు పడుతుంది.

మీ పెద్దమ్మ