ఫైర్‌ప్లేస్ ఉన్న హాల్లో హోమ్ థియేటర్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. సినిమాలు చూసేందుకు కట్టిన మీడియా రూము మేడమీద ఉంది. ఏటా వచ్చి ఆరు నెలలు ఉండే మా అత్తమామలు మోకాళ్ల నొప్పుల వల్ల మెట్లెక్కలేరు. అందుకని కింద ఉన్న ఫ్యామిలీ రూమునే హోమ్ థియేటర్‌గా మార్చాలనుకుంటున్నాము. గది 18 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు. పైకప్పు రెండంతస్తుల ఎత్తు. పెరటివైపున్న 16 అడుగుల గోడకు మధ్యలో గ్యాస్ ఫైర్‌ప్లేస్, దానికి రెండు పక్కలా పెద్ద కిటికీలు ఉన్నాయి. ఎడమ గోడ ఖాళీగా ఉంది. కుడివైపు గోడే లేదు, వంటగదితో కలిసిపోయి ఉంటుంది. 85 అంగుళాల టీవీని ఫైర్‌ప్లేస్ పైన బిగించమని కొందరు, అసలు ఫైర్‌ప్లేస్‌నే తీసేయమని కొందరు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

జవాబు: రెండూ వద్దు. ఫైర్‌ప్లేస్‌ను ఉన్నచోటే ఉంచి, టీవీని ఎడమవైపు ఖాళీ గోడకు బిగించి, సోఫాలను అటు తిప్పండి. ఇంత సులువైన ఉపాయం ఎవరికీ తోచకపోవడానికి కారణం, ఇల్లు కట్టినవారే ఫైర్‌ప్లేస్ పైన కరెంటు ప్లగ్గు పెట్టి ఇవ్వడం, మనమూ టీవీ అక్కడే ఉండాలని అనుకోవడం.

ముందుగా ఎత్తు సంగతి చూద్దాం. ఫైర్‌ప్లేస్ పైనుండే చెక్క అరుగు సాధారణంగా నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. దానిపైన కొంత ఖాళీ వదిలి 85 అంగుళాల టీవీ పెడితే తెర మధ్యభాగం దాదాపు ఆరున్నర అడుగుల ఎత్తుకు పోతుంది. సోఫాలో కూర్చున్న మనిషి కళ్లు నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులోనే ఉంటాయి కాబట్టి, రెండున్నర గంటల సినిమా అంతా తల పైకెత్తే చూడవలసి వస్తుంది. పదిహేను నిమిషాల వార్తలకైతే ఎవరికీ ఇబ్బంది తెలియదు. సినిమా పూర్తయ్యేసరికి పెద్దవాళ్లు మెడ పట్టుకుంటారు. ఇక వేడి. చాలా టీవీలను 40 డిగ్రీల సెల్సియస్ దాటిన చోట వాడవద్దని తయారీదారులే మాన్యువల్‌లో రాస్తారు. గ్యాస్ మంట వెలుగుతున్నప్పుడు దాని పైగోడ వేడి సులువుగా ఆ హద్దు దాటవచ్చు. టీవీని కిందికి దించే బ్రాకెట్లు దొరుకుతాయి, అవి మెడనొప్పి తగ్గిస్తాయి కూడా. అయితే దించిన టీవీ మంటకు ఇంకా దగ్గరవుతుంది కనుక టీవీని, మంటను ఒకేసారి వాడే వీలుండదు. పైగా మీ గదిలో తెరకు రెండు పక్కలా కిటికీలుంటాయి. పగటిపూట ఆ వెలుగు సూటిగా కళ్లలో పడి తెర వెలవెలబోతుంది.

ఎడమ గోడకు మారిస్తే ఈ మూడు చిక్కులూ ఒక్కసారే తీరిపోతాయి. 85 అంగుళాల తెరను ఎనిమిదిన్నర నుంచి పదకొండు అడుగుల దూరంలో కూర్చుని చూస్తే కంటినిండా కనిపిస్తుంది. మీ గది వెడల్పు 16 అడుగులు కాబట్టి, కళ్లకూ తెరకూ మధ్య పదిన్నర అడుగులుండేలా సోఫా వేసినా, దాని వెనక వంటగది వైపు మనుషులు నడిచేందుకు సరిపడా దారి మిగులుతుంది. కిటికీలు ఒక పక్కకు వస్తాయి. వాటికి, ముఖ్యంగా చెయ్యందని పైఅంతస్తు కిటికీలకు, మోటారుతో దిగే షేడ్లు వేయించండి.

అసలు కష్టం ధ్వని దగ్గర ఉంది, డబ్బు కూడా అక్కడే ఖర్చు పెట్టాలి. ఖాళీ గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు వెంటనే ఆగక, గోడల మధ్య టకటకమని కాసేపు మోగితే, సినిమాలో మాటలు కూడా అలాగే ఒకదానిపై ఒకటి పడి అస్పష్టమవుతాయి. చెక్కనేల, రాతిపలకల ఫైర్‌ప్లేస్ గోడ, అద్దాలు, ఎత్తైన కప్పు అన్నీ శబ్దాన్ని తిప్పికొట్టేవే. సోఫాకూ టీవీకీ మధ్య నేలంతా కప్పే మందపాటి తివాచీ, కిటికీలకు షేడ్లతో పాటు బరువైన పరదాలు, సోఫా వెనక పుస్తకాలు నిండిన అలమర ఉంటే చాలా తేడా వస్తుంది. ఇవేవీ చేయకుండా ఖరీదైన స్పీకర్లు కొంటే, ఆ ఖరీదైన ధ్వని కూడా అలాగే మోగుతుంది.

మీకు 5.1 అమరిక చాలు, అంటే ముందు మూడు స్పీకర్లు (ఎడమ, కుడి, మధ్యలో సెంటర్), పక్కల రెండు సరౌండ్ స్పీకర్లు, గుమ్మనే బేస్ శబ్దానికి ఒక సబ్‌వూఫర్. ముందుండే ఎడమ, కుడి స్పీకర్లను ఎనిమిది నుంచి పన్నెండు అడుగుల ఎడంగా, చెవి ఎత్తులో పెట్టండి. ఫైర్‌ప్లేస్ వైపు ఉండే స్పీకరును మంటకు కనీసం మూడడుగుల దూరంలో ఉంచండి. సరౌండ్ స్పీకర్లకు మీ గదిలో సరైన గోడ దొరకదు కాబట్టి, స్టాండ్ల మీద, సోఫాకు ఇరువైపులా కొంచెం వెనగ్గా నిలబెట్టాలి. కప్పు నుంచి శబ్దం దిగివచ్చే డాల్బీ అట్మాస్ జోలికి పోకండి. శబ్దాన్ని పైకి కొట్టి కప్పు మీద నుంచి కిందికి తెచ్చే స్పీకర్లకు కప్పు ఎత్తు 14 అడుగులు మించకూడదు; మీది అంతకంటే ఎక్కువే. ఆ డబ్బుతో మంచి సెంటర్ స్పీకరు కొనండి, ఎందుకంటే మాటలన్నీ వచ్చేది దానిలోంచే. అత్తమామలు మాటలు వినబడడం లేదంటే మొత్తం వాల్యూమ్ పెంచకుండా, స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవర్‌లో సెంటర్ ఒక్కదాన్నే రెండు మూడు డెసిబెల్స్ పెంచితే సరిపోతుంది. వెనక వంటగదిలో మిక్సీ తిరుగుతున్నంతసేపు మాత్రం ఏ స్పీకరూ గెలవలేదు, పచ్చడి పని సినిమాకు ముందే ముగించుకోవాలి.

సబ్‌వూఫర్‌కు చోటు వెతకడానికి ఒక పద్ధతి ఉంది. దాన్ని మొదట సోఫాలో మీరు కూర్చునే చోటే పెట్టి, బేస్ బాగా ఉన్న పాటను ఆపకుండా మోగించి, గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ వినండి. కొన్నిచోట్ల గుమ్మని ఊదినట్టు, కొన్నిచోట్ల అసలు లేనట్టు ఉంటుంది. ఎక్కడ స్పష్టంగా, సమంగా వినిపిస్తే సబ్‌వూఫర్‌ను అక్కడికి మార్చండి.

వైరింగ్ విషయంలో ఒక్క హెచ్చరిక. టీవీతో వచ్చిన పవర్ వైరును గోడలోపలి నుంచి లాగడానికి అమెరికా విద్యుత్ నియమావళి ఒప్పుకోదు. తెర వెనకే ప్లగ్గు పెట్టించండి. గోడలో దాచే స్పీకరు వైర్ల మీద సీఎల్-2 లేదా సీఎల్-3 అని, అంటే గోడలోపల వాడదగినవని, ముద్ర ఉందో లేదో చూసి కొనండి.

ఫైర్‌ప్లేస్ తీసేయడం గురించి: గ్యాస్ పైపును లైసెన్సున్న ప్లంబరు చేత మూయించాలి, నగరం అనుమతి తెచ్చుకోవాలి, బయటి గోడ రూపు మారితే హెచ్‌ఓఏను (ఇళ్ల యజమానుల సంఘాన్ని) అడగాలి. ఇంత చేసి పొందేదేమిటంటే, రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్లు అడిగే ఒక వసతి పోవడం. ఉండనివ్వండి.

ప్రశ్న: న్యూజెర్సీలో మాది పాత ఇల్లు. కట్టెల ఫైర్‌ప్లేస్ వాడడం లేదు. దాని గూట్లోనే రిసీవరు, ప్లేయరు పెట్టేసి ముందు తలుపు బిగిస్తే బాగుంటుందా?
— ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: ఇప్పుడున్న స్థితిలో పెట్టకండి. చలికాలంలో ఒక అగరువత్తి వెలిగించి ఆ గూటి ముందు పట్టుకుని చూడండి. పొగ గూటిలోకి లాగబడినా, గదిలోకి నెట్టబడినా, డాంపర్ (చిమ్నీ దారిని మూసే రేకు) మూసి ఉన్నా గాలి కదులుతున్నదని అర్థం. ఆ దారినే వాన తేమ, మసి కూడా దిగుతాయి. రిసీవరుకు అవి రెండూ పడవు. అదీగాక, వేడి విడిచే ఆ యంత్రాన్ని తలుపు వెనక బంధిస్తే తనంతట తానే ఆగిపోతుంది.

గూడును వాడుకోవాలంటే ముందు చిమ్నీ శుభ్రం చేసేవారిని పిలిచి మసి తీయించండి. పాత ఇళ్లలో బాయిలరు లేదా నీళ్ల హీటరు పొగ కూడా అదే చిమ్నీలోంచి పోతుండవచ్చు కాబట్టి, ఏ గొట్టం దేనిదో ఆయన చేత తేల్చుకోకుండా పైన మూత వేయించకండి. పొరపాటున హీటరు గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు. ప్రతి అంతస్తులోనూ డిటెక్టరు ఉండాలి. ఫైర్‌ప్లేస్ గొట్టం మూసినా, లోపల తేమ నిలవకుండా చిన్న గాలిదారి వదలమని చెప్పండి.

అంతా అయ్యాక కూడా గూట్లో రిసీవరు పెట్టాలనే అనుకుంటే తలుపు మాత్రం జాలీదే వేయించండి. రిమోట్ పనిచేస్తుంది, వేడీ బయటికి పోతుంది.