యాంటీ టీపీఓ 410 వచ్చింది, గొంతు ఆపరేషన్ దాకా పోతదా?

పోదు తమ్మీ. మరదలికి థైరాయిడ్ పరీక్షలల్ల టీఎస్‌హెచ్ 6.1, ఫ్రీ టీ4 నార్మల్, యాంటీ టీపీఓ 410 అని రాసినవ్. 34 లోపు ఉండాల్సింది పన్నెండు రెట్లున్నదని పరేషానవుతున్నవ్. ఆ లెక్క ఇక్కడ నడవది. ఆపరేషన్ సంగతి గొంతుల గడ్డ ఉంటే, స్కానింగ్ చూసి ఆలోచిస్తరు, ఈ నంబరు చూసి కాదు.

థైరాయిడ్ గ్రంథి హార్మోను తయారుచేసే ఎంజైమే టీపీఓ. ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని పరాయిదనుకుంటే దానిమీదికి యాంటీబాడీలు పుడతయి, వాటి కొలతే యాంటీ టీపీఓ. థైరాయిడ్ తగ్గినోళ్లలో ఇవి కనబడితే మామూలుగా హషిమోటో అంటరు. 1912ల జపాన్ డాక్టర్ హషిమోటో మొదట రాసిండు, అందుకే ఆ పేరు. అంటే ఈ పరీక్ష కారణం చెప్తది. హార్మోను ఎంత తగ్గిందో చెప్పేవి టీఎస్‌హెచ్, టీ4. టీ4 అంటే థైరాయిడ్ హార్మోనే, అది తగ్గుతుంటే టీఎస్‌హెచ్ పెరుగుతది.

నాకూ ఇదే ఉంది. నల్గొండ గడియారం సెంటర్ దిక్కు ఒక ల్యాబుల 520 వచ్చింది. తర్వాత ఇంకో ల్యాబుల 190. సగానికన్న ఎక్కువ తగ్గిందని మా అత్తమ్మ ఒకటే సంబరం. కుడిపక్క చిన్న అక్షరాలు చూస్తే మొదటిదాంట్ల హద్దు 34, రెండోదాంట్ల 9! కిట్టు మారితే కొలతే మారుతది. డాక్టరమ్మ రెండు కాయితాలూ పక్కకు పెట్టి, "ఒకసారి పాజిటివ్ అని తేలింది కదా, ఇగ ఆ పైసలతోని టీఎస్‌హెచ్ చేయించుకో" అన్నది. గోలీ డోసు దాన్ని బట్టే మారుస్తరు, మార్చినంక 6-8 వారాలకు మళ్లీ చూస్తరు.

మరదలి టీఎస్‌హెచ్ 6.1 అంటే కొంచెమే ఎక్కువ. చాలామంది డాక్టర్లు రెండు మూడు నెలలు ఆగి ఇంకోసారి చూస్తరు. 10 దాటితే మామూలుగా గోలీ మొదలుపెడతరు. యాంటీబాడీలున్నయి కాబట్టి ముందుముందు పెరిగే అవకాశం ఎక్కువ, ఏడాదికోసారన్నా చూపించాలె. కడుపుతోని ఉన్నా, పిల్లల కోసం చూస్తున్నా మాత్రం ఆగొద్దు, వెంటనే డాక్టరుకు చూపించుర్రి.

మన నీళ్ల ఫ్లోరైడుతోనే ఇట్లయిందని ఎవరో ఒకరు అంటరు. ఈ పరీక్ష ఫ్లోరైడును చూపెట్టది, దాని మీద గొడవ పెట్టుకోకుర్రి. జుట్టు ఊడుతుందని బయోటిన్ గోలీలేమన్న మింగుతున్నదా అడుగు. అవి టీఎస్‌హెచ్‌ను తప్పుగా చూపిస్తయి. రక్తం ఇచ్చేముందు కనీసం రెండు రోజులు ఆపాలె, ఎక్కువ డోసైతే ఇంకెన్ని రోజులో డాక్టరునే అడుగుర్రి.