టీచరమ్మకు ఉత్తరం: పేరు కొట్టెయ్యొద్దు తల్లీ

ఆదోని చుట్టుపక్కల సర్కారు బడుల్లో 31 ఏళ్లు పనిచేసి రిటైరైన టీచరు పాఠకుల ఉత్తరాలకు ఇస్తున్న జవాబులు

ప్రశ్న: మేడం గారూ, నమస్తే. మెగా డీఎస్సీలో నాకు ఎస్జీటీ ఉద్యోగం వచ్చింది. మాది కృష్ణా జిల్లా. కర్నూలు జిల్లాలో పడమటి మండలంలోని ఒక పల్లెకు వేశారు. నాలుగో తరగతి రిజిస్టరులో 34 పేర్లుంటే సంక్రాంతి పోయాక 19 మందే వస్తున్నారు. వచ్చేవాళ్లలో ఒక పాప మొదటి పీరియడ్‌లోనే నిద్రపోతుంది. ఒక పిల్లాడు ఏమడిగినా నోరు విప్పడు. "బెత్తం పట్టుకుంటే గానీ వీళ్లు మాట వినరు. రానివాళ్ల పేర్లు కొట్టెయ్, తలనొప్పి వదులుతుంది" అంటున్నారు తోటి సారు. నన్నేం చేయమంటారు?
– ఒక కొత్త టీచరు

జవాబు: తల్లీ, నువ్వు నా కూతురి వయసుదానివి, అందుకే నువ్వు అంటున్నాను.

ముందు రిజిస్టరు సంగతి. ఆ పదిహేను మంది ఎక్కడికి పోయారో ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు, సుగ్గికి పోయారని. ఆ మాట మీ వైపు వినుండవు. వాన సరిగా పడక పైరు చేతికి రాని ఏడు ఇక్కడి కుటుంబాలు గిన్నెలూ చెంబులూ మూటగట్టుకుని గుంటూరు వైపు మిరప కోతలకు పోతాయి. పెద్దవాళ్లతో పాటే పిల్లలూ. మళ్లీ ఎండలు ముదిరాకే తిరిగొస్తారు.

1996లో నేనూ నీలాగే కొత్త. నెల దాటి రాని పిల్లల పేర్ల మీద ఎర్ర సిరాతో గీత గీసేదాన్ని. అలాగే చేయాలేమో అనుకున్నాను. ఐదో తరగతిలో ఒక పిల్ల ఉండేది, పంతొమ్మిదో ఎక్కం గుక్క తిప్పుకోకుండా చెప్పేది. ఆ ఏడు సుగ్గికి పోయి ఏప్రిల్ మొదట్లో తిరిగొచ్చింది. మిరప ఘాటుకు వేళ్ల కొసల తోలు లేచిపోయింది. తలుపు దగ్గర కూర్చుని హాజరు పిలుస్తుంటే వింటోంది. పిలవడం అయిపోయింది, ఆ పిల్ల పేరు రాలేదు. నేను బోర్డు తుడుస్తున్నాను. వెనక్కి తిరిగేసరికి సంచీ తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. వారం తర్వాత వాళ్లింటికి పోతే, "పేరు లేదంట కదమ్మా, ఇంక దేనికి?" అంది వాళ్లమ్మ. అప్పటికే చేనుకు పంపేసింది. నేనెంత బతిమాలినా ఆ పిల్ల మళ్లీ బడి గడప తొక్కలేదు.

ఇప్పుడైతే ఆ గీత గీసే అధికారం నీకు లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమలులో ఉంది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి తీసేయకూడదు. చాలామంది టీచర్లకే తెలియని సంగతి ఇంకొకటి ఉంది. పిల్లలు పోయిన ఊళ్లోని సర్కారు బడి వాళ్లను ఏడాది మధ్యలోనైనా చేర్చుకోవాలి. టీసీ లేదని వెనక్కి పంపకూడదు. ఆ పిల్ల పేరు కొట్టేశాక నేను చేసిన మంచి పని ఒకటే. సుగ్గికి కదిలే ముందే కూలీలను తీసుకుపోయే మేస్త్రీని పట్టుకుని, ఏ ఊరు, ఏ రైతు అని రాసుకునేదాన్ని. తరగతి, పుట్టిన తేదీ, ఎందాకా పాఠం వచ్చింది, లెక్కల్లో ఎక్కడ ఆగాం, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి బడి ముద్ర వేసి పిల్ల చేతికే ఇచ్చేదాన్ని. అందరూ బడికి పోయారని చెప్పను. కొందరు పోయారు. తిరిగొచ్చినవాళ్ల పేరు మాత్రం హాజరులో వినిపించేది.

వచ్చే ఏడు దసరా నాటికే, సుగ్గికి పోయేలా ఉన్న పిల్లల జాబితా ఎంఈవో (మండల విద్యాధికారి) గారికి ఇవ్వు. వలస వెళ్లే పిల్లల కోసం సమగ్ర శిక్ష పథకం కింద సీజనల్ హాస్టళ్లు పెట్టే ఏర్పాటు ఉంది. ఊళ్లో అవ్వో తాతో ఉంటే పిల్లను ఇక్కడే వదిలి పొమ్మని తల్లిదండ్రుల్ని ఒప్పించవచ్చు. సంక్రాంతి దాటాక అడిగితే బస్సు పోయాక చెయ్యెత్తినట్టే.

నిద్రపోయే పాపను అందరి ముందూ లేపి అడక్కు. ఇంటర్వెల్‌లో పక్కన కూర్చోబెట్టుకుని, రాత్రి ఏం తిన్నావు, పొద్దున ఏం తిన్నావు, ఎన్నింటికి లేచావు అని మెల్లగా అడుగు. అమ్మ చీకట్నే కూలికి పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. నేను చూసిన నిద్రముఖాల్లో సగానికి పైగా ఖాళీ కడుపులే. మధ్యాహ్న భోజనం లేని రోజులూ చూశాను, వచ్చాక బడీ చూశాను. 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన అన్నం పెట్టాల్సిందేనని ఆదేశించింది, మన దగ్గర 2003 జనవరిలో మొదలైంది. అంతకుముందు మధ్యాహ్నం బెల్లు కొడితే ఇంటికి పోయి సగం మంది తిరిగొచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు అన్నంతో పాటు కోడిగుడ్డు, చిక్కీ, రాగిజావ ఉన్నాయి. నన్నడిగితే పొద్దున టిఫిన్ కూడా ఉండాలి. తమిళనాడు 2022 సెప్టెంబరులో మొదలుపెట్టింది, మనకెందుకు కుదరదు? అది వచ్చేదాకా రాగిజావ ఇచ్చే రోజుల్లో వీలైనంత పెందలాడే పోయించమని హెచ్‌ఎం గారిని అడుగు. ఆ పాపకు రెండో గ్లాసు ఇప్పించు.

నోరు విప్పని పిల్లాడి ఇంట్లో ఏ భాష మాట్లాడతారో కనుక్కో. ఆ మండలాల్లో చాలా ఇళ్లల్లో కన్నడమే, కొన్నింట్లో ఉర్దూ. వాడు మొద్దు కాకపోవచ్చు, నీ కృష్ణా జిల్లా తెలుగు వాడికి అందక పోతుండొచ్చు. రేపు పొద్దున గేటు దగ్గర "ఊట ఆయ్తా?" అని అడిగి చూడు. తిన్నావా అని. వాడి మొహం చూసి నాకు ఉత్తరం రాయి.

బెత్తం వద్దు. కొట్టడం, గోడకుర్చీ వేయించడం, తిట్టి నలుగురిలో నవ్వులపాలు చేయడం, అన్నీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో నిషేధమే. సారు మంచివారే కావచ్చు, ఆయన చదువుకున్నప్పుడు అలాగే జరిగి ఉంటుంది. ఆయనతో వాదన పెట్టుకోకుండా నీ తరగతిలో నువ్వు చేసి చూపించు. దయగల టీచరుంటే చాలు, రూల్స్ ఎందుకని నేనూ ఒకప్పుడు అనుకునేదాన్ని. ఆ టీచరుకు బదిలీ అయిన మర్నాడు పిల్లల గతేమిటి? అందుకు కావాలి రూలు. ఇక రూలు ఉన్నా, రెండో గ్లాసు జావ పోయించేది టీచరే.

ఇంకొక్క మాట. ఆదోని నుంచి రోజూ బస్సులో తిరగకు. కనీసం ఒక ఏడాది ఆ ఊళ్లోనే అద్దెకుండు. సాయంత్రం నీళ్ల కొళాయి దగ్గర నిలబడితే ఏ ఇంట్లో ఏముందో అదే తెలుస్తుంది.

ప్రశ్న: అమ్మా, మాది నల్గొండ జిల్లా. మా పాప హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. వారం వారం పరీక్ష పెట్టి, మార్కుల్ని బట్టి సెక్షన్ మారుస్తారట. పైసెక్షన్ నుంచి కిందికి దింపినప్పటి నుంచి ఆదివారం ఫోన్‌లో ఊ, ఆ తప్ప మాట్లాడదు. ఫీజు మొత్తం కట్టేశాం. తీసుకొచ్చెయ్యాలా, కొన్నాళ్లు ఓపిక పట్టమనాలా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆదివారం దాకా ఆగకండి. ఈ ఉత్తరం అచ్చయ్యేలోపే మీకు ఫోన్ చేయించాను గానీ, మీలాంటి తల్లులు ఇంకా ఉంటారని ఇక్కడా రాస్తున్నాను. రేపే బయల్దేరండి. పిల్లను ఒక పూట బయటికి తీసుకొచ్చి అన్నం పెట్టండి. మార్కులూ సెక్షనూ ఎత్తకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. పిల్ల అవునన్నా, తలదించుకున్నా ఒంటరిగా వదలకండి, అటే ఇంటికి తీసుకురండి, డాక్టరుకు చూపించండి. 14416కు ఎప్పుడు ఫోన్ చేసినా డబ్బులు పడవు, అది సర్కారు వారి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. ఫీజు సంగతి తర్వాత చూసుకుందాం.

పిల్ల ఉంటానంటే కాలేజీతో మాట్లాడాల్సింది మీరు. 2025 జులై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన విద్యార్థిని కేసు అది. ఆ పాప తండ్రి న్యాయం కోసం అంతదూరం వెళ్లాడు. వీలైనంతవరకు మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడదీయకూడదని, అందరిలో అవమానించకూడదని, మోయలేని టార్గెట్లు పెట్టకూడదని కోర్టు చెప్పింది. వందమంది లేదా అంతకుమించి విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలంది. కాలేజీలకు, కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్లకు అన్నింటికీ ఇవి వర్తిస్తాయి. ఇదంతా ఒక కాగితం మీద రాసి ప్రిన్సిపాల్‌కు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. కౌన్సెలర్ ఎవరు, ఏ గదిలో కూర్చుంటారు అని అడగండి. నోటిమాట గేటు దాటేలోపే మర్చిపోతారు.

అక్కడ మీ పాప ఇష్టపడే లెక్చరరు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. ఒక్కరైనా ఉంటారు. ఆవిడనో ఆయననో విడిగా కలిసి, వారానికి రెండుసార్లు పిల్లను పలకరించమని అడగండి. నా దగ్గరికి ఏ తల్లి అలా వచ్చి అడిగినా నేను కాదనలేదు.

ప్రశ్న: మా మనవడు ఆరో తరగతి. బోర్డు మీది రాసుకోకుండా పక్కవాడి నోట్సు చూసి కాపీ కొడుతున్నాడని సారు కోప్పడ్డారు. ఇంట్లో మాత్రం చక్కగా చదువుతాడు. ఎందుకిలా?
– ఒక తాత, కరీంనగర్

జవాబు: అన్నగారూ, గోడకున్న క్యాలెండరు ముందు పది అడుగుల దూరంలో వాణ్నీ, వాడి ఈడు పిల్లాణ్ని ఇంకొకణ్నీ నిలబెట్టి చదివించండి. మీ మనవడు కళ్లు చికిలిస్తే దూరపు చూపు సరిగా ఆనడం లేదన్నమాట. సర్కారు బడికైతే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారు పథకం) డాక్టర్లు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తారు. వాళ్లు ఎప్పుడొస్తారో హెచ్‌ఎంను అడగండి, ఆలస్యమయ్యేలా ఉంటే సర్కారు ఆసుపత్రిలో చూపించండి. అద్దాలు వచ్చేదాకా ముందు బెంచీలో కూర్చోబెట్టమని మీరే వెళ్లి సారుకు చెప్పండి. కాపీ కొట్టలేదని మీ మనవడి ముందే ఆయనతో అనిపించండి.