టాక్స్ ముచ్చట్లు: ఒక్క రాత్రి మోటెల్‌లో పడుకుంటే స్టేట్ మారిపోతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల, రిటైర్ అయ్యాక ఏ స్టేట్‌లో టాక్స్ తక్కువ అని. అన్నిటికీ జవాబులు రాయాలంటే పత్రిక మొత్తం నాకే కావాలి కాబట్టి మూడు తీసుకున్నా.

ప్రశ్న: నమస్తే మేడం, మాది న్యూజెర్సీ ఎడిసన్. నాకు 63, మా ఆవిడకి 61. వచ్చే జూన్‌లో ఇద్దరం ఉద్యోగాలు మానేసి ఇల్లు అమ్మేసి ఒక ఆర్వీ (ఇల్లులాంటి బండి) కొనుక్కుని అమెరికా అంతా తిరుగుదామని, చలికాలం ఐదు నెలలు హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లో ఉందామని ప్లాన్. గుళ్ళో కలిసిన ఒకాయన సౌత్ డకోటా వెళ్లి ఒక్క రాత్రి మోటెల్‌లో పడుకుని లైసెన్స్ తీసుకోండి, ఇక జన్మలో స్టేట్ టాక్స్ ఉండదు అన్నారు. నిజమేనా? మా అబ్బాయి ఆస్టిన్‌లో ఉంటాడు. ఫ్లోరిడా మంచిదని ఇంకొకరు అంటున్నారు. న్యూజెర్సీ వదిలితే ఎగ్జిట్ టాక్స్ కట్టాలట కదా, అదొక భయం.

జవాబు: అన్నయ్యగారూ, ఆయన చెప్పింది సగం నిజం. సౌత్ డకోటాలో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు, మీ పేరు మీద ఒక రాత్రి హోటల్ రసీదో క్యాంప్‌గ్రౌండ్ రసీదో, ఒక మెయిల్ ఫార్వర్డింగ్ అడ్రస్, ఒక రెసిడెన్సీ అఫిడవిట్ ఉంటే లైసెన్స్ ఇచ్చేస్తారు, ఏడాది పొడుగునా ఆర్వీలో తిరిగేవాళ్ళు చాలామంది చేసేది అదే. కానీ లైసెన్స్ ఇవ్వడం సౌత్ డకోటా పని, మిమ్మల్ని వదలాలా వద్దా అనేది న్యూజెర్సీ పని. పుదుచ్చేరి నంబర్ ప్లేట్ పెట్టుకుని జూబ్లీహిల్స్‌లో కారు తిప్పేవాళ్ళు ఉంటారు చూడండి, కాగితాల మీద అంతా కరెక్టే, బండి రోజూ తిరిగేది మాత్రం హైదరాబాద్‌లో, ఎప్పుడో ఒకరోజు ఆర్టీఏ వాళ్ళు ఆపి లైఫ్ టాక్స్ కట్టమంటారు. ఇదీ అలాంటిదే.

డొమిసైల్ అంటే మీరు ఎక్కడ తిరిగినా చివరికి తిరిగొచ్చే ఇల్లు. కొత్తది నిజంగా ఏర్పడేదాకా పాతది పోదు, రూల్ అంతే. న్యూజెర్సీలో ఇంకో మెలిక ఉంది. మీ డొమిసైల్ ఇంకా అక్కడే ఉందని తేలిందనుకోండి, అప్పుడు నాన్ రెసిడెంట్ అనిపించుకోవాలంటే మూడు కుదరాలి: న్యూజెర్సీలో పర్మనెంట్ ఇల్లు ఉండకూడదు, బయట ఎక్కడో పర్మనెంట్ ఇల్లు ఉండాలి, ఆ ఏడాది న్యూజెర్సీలో 30 రోజులకి మించి గడపకూడదు. ఆర్వీ చూపించి ఇదే మా పర్మనెంట్ ఇల్లు అంటే రెండోదాని దగ్గరే ఇరుక్కుంటారు.

మీకు అంత అవస్థ ఎందుకు చెప్పండి, బంగారం లాంటి అబ్బాయి ఆస్టిన్‌లో ఉంటే. వాళ్ళింట్లో మీకంటూ ఒక గది ఉంటుంది, ఇండియా నుంచి దిగితే సూట్‌కేసులు అక్కడే దించుతారు, ఆవిడ పట్టుచీరలు అక్కడే ఉంటాయి. టెక్సాస్‌లోనూ స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు. మెయిల్ బాక్స్ అడ్రస్ ఇస్తే బ్యాంకులు, బ్రోకరేజీలు ఇది నివాసం కాదు అని ఒక్కోసారి అకౌంట్ దగ్గర పేచీ పెడతాయి, కొడుకు ఇంటి అడ్రస్‌కి ఆ గొడవ లేదు. అమెరికన్ ఆర్వీ జంటలు డబ్బు కట్టి అడ్రస్ తీసుకుంటారు, మనవాళ్ళకి పిల్లలిల్లే అడ్రస్. ప్రాపర్టీ టాక్స్ ఎలాగూ అబ్బాయి కడుతున్నాడు, మీరు కూరలు తెచ్చి పెట్టండి చాలు. డ్రైవింగ్ లైసెన్స్, ఓటు, కార్ ఇన్సూరెన్స్, వీలునామా, డాక్టరు, ఫెడరల్ రిటర్న్ మీద అడ్రస్, అన్నీ ఒకే నెలలో ఆస్టిన్‌కి మార్చేయండి. ఎడిసన్ బ్యాంక్ లాకర్‌లో నగలు వదిలేసి ఊరు మారామంటే ఎవరూ నమ్మరు. నవ్వుతారేమోగానీ న్యూయార్క్ ఆడిటర్లకైతే మనసుకి దగ్గరైన వస్తువులు ఎక్కడున్నాయి అని చూడమని గైడ్‌లైన్ కూడా ఉంది, మన లెక్కలో పెళ్లి ఆల్బమూ దేవుడి మందిరమూ ఎక్కడుంటే అక్కడన్నమాట.

ఎగ్జిట్ టాక్స్ అనేది పేరుకే భయం, అది వేరే టాక్స్ కాదు. నాన్ రెసిడెంట్ ఇల్లు అమ్మితే క్లోజింగ్ (అమ్మకం పూర్తయ్యే) రోజే లాభం మీద 10.75 శాతం, కనీసం అమ్మిన ధరలో 2 శాతం అడ్వాన్సుగా పట్టుకుంటారు, తర్వాత రిటర్న్ వేసి ఎక్కువైంది వెనక్కి తెచ్చుకోవాలి. మీరు ఇంకా న్యూజెర్సీ రెసిడెంట్‌గా ఉండగానే క్లోజింగ్ చేస్తే ఒక ఫారం మీద సంతకంతో పోతుంది. మీరుంటున్న సొంత ఇల్లు కాబట్టి, గత ఐదేళ్ళలో రెండేళ్ళు అందులో ఉన్నట్టయితే, భార్యాభర్తలకి 5 లక్షల డాలర్ల లాభం దాకా టాక్సే లేదు. అందుకే ముందు ఇల్లు అమ్మండి, తర్వాత మారండి. చాలామంది తిప్పి చేస్తారు.

ఇప్పుడు ఎవరూ చెప్పని సంగతి. మీరు న్యూజెర్సీలోనే ఉండిపోయినా మీకు పడే స్టేట్ టాక్స్ ఎంత? సోషల్ సెక్యూరిటీ మీద న్యూజెర్సీ టాక్స్ వెయ్యదు. 62 దాటిన జంటకి మొత్తం ఇన్‌కమ్ లక్ష డాలర్ల లోపుంటే పెన్షన్, 401కె (ఉద్యోగంలో దాచుకున్న రిటైర్మెంట్ ఖాతా) డబ్బు మీద కూడా వెయ్యదు, లక్షన్నర దాకా కొంత తగ్గింపు ఉంది, ఆవిడకి 62 వచ్చేదాకా ఆవిడ వాటా లెక్క వేరే అనుకోండి. న్యూజెర్సీలో నడ్డి విరిచేది ప్రాపర్టీ టాక్సు, సగటు ఏడాదికి 10,000 డాలర్లు దాటింది, ఇల్లు అమ్మిన రోజే అది పోతుంది. అంటే సాదాసీదాగా ఏడాదికి 80, 90 వేలు తీసుకుని బతికే జంటకి స్టేట్ మారడం వల్ల మిగిలేది మనం అనుకున్నంత ఉండదు. తేడా వచ్చేది పెద్ద మొత్తాలు కదిలించే ఏడాది, 401కె నుంచి రాత్ ఖాతాకి (టాక్స్ ముందే కట్టేసే రిటైర్మెంట్ ఖాతా) మార్చినా, పాత షేర్లు ఒకేసారి అమ్మినా. అవి మాత్రం మారాకే చెయ్యండి. 1996లో ఫెడరల్ చట్టం ఒకటి వచ్చింది, ఒక స్టేట్‌లో సంపాదించి 401కె, ఐఆర్ఏ లాంటి రిటైర్మెంట్ ఖాతాల్లో దాచుకున్న డబ్బు మీద, మీరు అక్కడ్నుంచి వెళ్లిపోయాక ఆ స్టేట్ చెయ్యి వెయ్యడానికి లేదు.

నన్నడిగితే మీ ఇద్దరికీ స్టేట్ నిర్ణయించాల్సింది టాక్స్ కాదు, 65 వచ్చేదాకా హెల్త్ ఇన్సూరెన్స్. మార్కెట్‌ప్లేస్ (ప్రభుత్వ సైట్‌లో సొంతంగా కొనుక్కునే) ప్లాన్ మీ జిప్ కోడ్‌ని బట్టి వస్తుంది, టెక్సాస్‌లో సొంతంగా కొనుక్కునేవి ఎక్కువగా లోకల్ నెట్‌వర్క్‌వే, మీరు మోంటానాలో ఉండగా ఒంట్లో బాగోకపోతే ఎమర్జెన్సీ తప్ప కవర్ కాదు. ఆర్వీ వాళ్ళు ఫ్లోరిడా ఫ్లోరిడా అనడానికి ఇదొక పెద్ద కారణం, అక్కడ దేశమంతా నెట్‌వర్క్ ఉన్న ప్లాన్లు దొరుకుతాయి. మీకు షుగర్, బీపీ ఉండి నెల నెలా డాక్టర్ అవసరమైతే ఆస్టిన్ చుట్టూ ఉండేలా ట్రిప్పులు వేసుకోండి, లేదా మెడికేర్ (65 నుంచి వచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్) వచ్చేదాకా ఆర్వీ ఆపండి. ఒరిజినల్ మెడికేర్ వచ్చాక ఏ స్టేట్ అయినా ఒకటే, దాని బదులు ప్రైవేటు కంపెనీల అడ్వాంటేజ్ ప్లాన్ తీసుకుంటే మళ్ళీ ఏరియా గొడవ. హైదరాబాద్‌లో ఒరిజినల్ మెడికేర్ పనిచెయ్యదు, కొన్ని అడ్వాంటేజ్ ప్లాన్లు ఎమర్జెన్సీకి మాత్రం ఇస్తాయి, అక్కడికి వేరే ఇన్సూరెన్స్ పెట్టుకోండి.

హైదరాబాద్ ఐదు నెలలంటే దాదాపు 150 రోజులు. మీ ఇండియా ఇన్‌కమ్, ఫ్లాట్ అద్దె వడ్డీలు కలిపి, ఏడాదికి 15 లక్షలు దాటకపోతే 181 రోజుల దాకా అక్కడ నాన్ రెసిడెంటే. దాటితే లెక్క 120 రోజులకి పడిపోతుంది, అప్పుడు కూడా ఆర్ఎన్ఓఆర్ (రెసిడెంటే అయినా బయటి దేశం ఆదాయం మీద టాక్స్ పడని హోదా) అవుతారు కాబట్టి మీ అమెరికా డబ్బు జోలికి రారు. పాస్‌పోర్ట్ స్టాంపులు జాగ్రత్త, ఏప్రిల్ నుంచి మార్చి లెక్క, జనవరి లెక్క కాదు.

ప్రశ్న: అక్కా, ఫ్రీమాంట్ నుంచి రాస్తున్నా. 52 ఏళ్ళు, 20 ఏళ్ళుగా ఇక్కడే, సిటిజన్‌ని. లేఆఫ్ అయ్యింది, ఇక చాలనిపించి హైదరాబాద్ వెళ్ళిపోతున్నా. చేతిలో కంపెనీ షేర్లు బాగా ఉన్నాయి, అమ్మితే కాలిఫోర్నియాకి చాలా పోతుంది. వెళ్ళేముందు డాలస్‌లో ఫ్రెండ్ అడ్రస్ మీద టెక్సాస్ లైసెన్స్ తీసుకోనా? పెద్దమ్మాయి స్కూల్ అయ్యేదాకా మా ఆవిడా పిల్లలూ ఇంకో ఏడాది ఇక్కడే ఉంటారు.

జవాబు: తమ్ముడూ, టెక్సాస్ సంగతి మర్చిపో. నువ్వు వెళ్తోంది హైదరాబాద్, మధ్యలో డాలస్ లైసెన్స్ పెట్టావంటే నిజంగా ఊరు మారినవాడివి కూడా అబద్ధం చెప్పినవాడిలా కనిపిస్తావు. కాలిఫోర్నియా వదిలిపెట్టడానికి ఇంకో స్టేటే కావాలని లేదు, ఇండియాకి స్థిరపడిపోవడానికి వెళ్ళినా వదిలినట్టే.

అసలు చిక్కు నీ ఉత్తరం చివరి వాక్యంలో ఉంది. భార్యాపిల్లలు ఫ్రీమాంట్ ఇంట్లో ఉండగా నేను కాలిఫోర్నియావాణ్ణి కాదు అంటే వినడం కష్టం, నీ బంధాలు ఎక్కడ ఎక్కువున్నాయో కాలిఫోర్నియా టాక్స్ వాళ్ళు చూసేది అదే. ఒకవేళ నువ్వు నాన్ రెసిడెంట్ అని ఒప్పుకున్నారే అనుకో, కాలిఫోర్నియా కమ్యూనిటీ ప్రాపర్టీ స్టేట్, పెళ్ళయ్యాక అక్కడ సంపాదించిన షేర్లలో సగం ఆవిడవి, ఆవిడ ఇంకా అక్కడ రెసిడెంట్, కాబట్టి లాభంలో సగం మీద టాక్స్ ఎలాగూ పడుతుంది. అక్కడ లాంగ్ టర్మ్ అని తక్కువ రేటు లేదు, జీతంలాగే లెక్క, పై రేటు 13.3 శాతం. ఖర్చులకి సరిపడా అమ్ముకో, మిగతాది ఆవిడా పిల్లలూ విమానం ఎక్కాక అమ్ము. అలాగని ఊరికే ఏళ్ళ తరబడి పట్టుకుని కూర్చోకు, ఒకే కంపెనీ షేర్లు అన్నీ పెట్టుకోవడం టాక్స్ కన్నా పెద్ద రిస్కు.

సెవరెన్స్ (లేఆఫ్ చేసి ఇచ్చే డబ్బు) మీద టాక్స్ నువ్వు ఎక్కడున్నా కాలిఫోర్నియాదే, అక్కడ చేసిన పనికి ఇచ్చిన డబ్బు అది. ఇల్లు అద్దెకిస్తే ఏటా 540ఎన్ఆర్ (కాలిఫోర్నియా నాన్ రెసిడెంట్ల) రిటర్న్ వెయ్యాలి. ఇండియా వైపు చూస్తే ఇన్నేళ్ళు బయటున్నావు కాబట్టి రెండేళ్ళు, దిగిన నెలని బట్టి కొందరికి మూడేళ్ళు, ఆర్ఎన్ఓఆర్ దక్కుతుంది, ఆ టైంలో అమెరికాలో షేర్లు అమ్మి డబ్బు అమెరికా అకౌంట్‌లో వేసుకుంటే ఇండియాలో టాక్స్ లేదు. నువ్వు ముందు దిగుతున్నావు, నీ గడియారం ముందు మొదలవుతుంది, ఆవిడది తర్వాత. ఆవిడ వచ్చాక నీ ఆర్ఎన్ఓఆర్ ఇంకా మిగిలున్న ఏడాదే అమ్మకానికి మంచి ఏడాది, క్యాలెండర్‌లో ఇప్పుడే రాసి పెట్టుకో. ఫెడరల్ టాక్స్ మాత్రం సిటిజన్‌వి కాబట్టి చంద్రమండలం వెళ్ళినా తప్పదు.

ప్రశ్న: మేడం, మేము ఫ్రిస్కోలో ఉంటాం. టెక్సాస్‌లో టాక్స్ లేదు టాక్స్ లేదు అని అందరూ అంటారు, మా ప్రాపర్టీ టాక్స్ బిల్లు చూస్తే గుండె ఆగుతుంది. నాకు ఈ మార్చికి 65 వస్తున్నాయి. ఏడాదిన్నర ఇండియాలో అమ్మ దగ్గర ఉండాల్సి వచ్చేలా ఉంది, ఇల్లు అద్దెకివ్వమని అందరూ అంటున్నారు.

జవాబు: ముందు కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి (ఇంటికి విలువ కట్టే ఆఫీసు) 65 ఏళ్ళ ఎగ్జంప్షన్ అప్లికేషన్ పెట్టండి, అడగందే అమ్మయినా పెట్టదు. సొంతంగా ఉంటున్న ఇంటికి స్కూల్ టాక్స్‌లో 1,40,000 డాలర్ల విలువ దాకా మినహాయింపు ఉంది, 65 దాటితే ఇంకో 60,000, రెండూ 2025లో ఓటింగ్‌లో నెగ్గినవి. పైగా మీ స్కూల్ టాక్స్ అక్కడితో ఫ్రీజ్ అయిపోతుంది, మీరు కొత్తగా గదులూ అవీ కట్టుకుంటే తప్ప పెరగదు. బిల్లులో పెద్ద ముక్క స్కూలుదే కాబట్టి తేడా బాగా తెలుస్తుంది.

ఇల్లు అద్దెకిచ్చే ముందు మాత్రం ఆగండి. తిరిగొచ్చే ఉద్దేశం ఉండి, ఇంకో ఇంటిని మీ సొంత నివాసం చేసుకోకుండా, రెండేళ్ళ లోపు బయటుంటే హోమ్‌స్టెడ్ (ఆ సొంత ఇంటి మినహాయింపు) నిలబడుతుంది. మొత్తం ఇల్లు లీజుకిచ్చేస్తే పోయే ప్రమాదం ఉంది, అద్దె ఎంతొస్తుంది, ఎగ్జంప్షన్ ఎంత పోతుంది పక్కపక్కన రాసి చూసుకోండి. ఖాళీగా ఉంచేట్టయితే ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే చెప్పండి, చాలా పాలసీల్లో కొన్ని వారాలు ఎవరూ లేకపోతే కొన్ని కవర్లు ఆగిపోతాయి. చలికాలం పైపులు పగిలితే చూసే మనిషి ఒకరు ఉండాలి, తాళం పక్కింటివాళ్ళకి ఇచ్చి వెళ్ళండి. అమ్మగారిని అడిగానని చెప్పండి.