ఆన్‌లైన్ ప్రచారాలతో ఎన్నికల్లో తేడా వస్తుందా? ఓటరు జాబితా దగ్గర వస్తుంది

పౌర సంఘాలు ఆన్‌లైన్‌లో చేసే ప్రచారం ఎన్నికల మీద నిజంగా పనిచేస్తుందా అని అడిగారు. పనిచేస్తుంది. అయితే ఎవరికి ఓటెయ్యాలో చెప్పినప్పుడు కాదు, అసలు మీకు ఓటుందో లేదో చూసుకోమని వెంటపడినప్పుడు.

2018 డిసెంబరు 7న తెలంగాణలో పోలింగ్. తన పేరు జాబితాలో లేదని బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల ట్వీట్ చేశాక గానీ చాలామందికి సమస్య ఎంత పెద్దదో తెలియలేదు. మా ఎదురింటి పెద్దాయన ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఓటరు కార్డు జేబులో పెట్టుకుని బూత్‌కి వచ్చారు. జాబితాలో ఆయన గడి మీద అడ్డంగా తొలగించినట్టు ముద్ర. "నేను బతికే ఉన్నాను కదా బాబూ" అని ఆయన అడుగుతుంటే లైన్లో ఉన్న మాకు నోట మాట రాలేదు. ఓటు వెయ్యకుండానే వెనక్కి వెళ్లిపోయారు.

అందుకే 2023 ఎన్నికలకు ముందు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మలు ఆపించి, అందరి చేతా ఓటరు కార్డు మీదుండే ఎపిక్ నంబరు పెట్టి జాబితాలో పేరు వెతికించాం. పేరు లేనివాళ్లతో ఫారం 6, ఇల్లు మారినవాళ్లతో ఫారం 8 పెట్టించాం. గ్రూపులో లేనిది వాచ్‌మన్ కుటుంబం. ఫోన్ పట్టుకుని సెల్లార్‌లోకి వెళ్తే, "మాకు ఊళ్లో ఉందమ్మా ఓటు" అంది వాచ్‌మన్ భార్య. వెతికితే అక్కడా లేదు. వాళ్లకీ ఇక్కడే ఫారం 6 పెట్టించాం. బీఎల్‌ఓగా, అంటే బూత్ స్థాయి అధికారిగా వచ్చిన అంగన్‌వాడీ టీచర్ సెల్లార్‌లోనే కూర్చుని వాళ్ల కాగితాలు చూసుకుంది. నవంబరు 30న ఇద్దరూ ఓటేశారు.

ఇక్కడ నా కోపం ఒకటి చెప్పాలి. జాబితాని ఫొటోల్లాంటి పీడీఎఫ్‌లుగా పెడతారు, పేరు కొట్టి వెతకడానికి ఉండదు. కాలనీ మొత్తం సరిచూడాలంటే పేజీ పేజీ కళ్లతో చదవాల్సిందే. పౌర సంఘాలు ముందు దీని మీద పోరాడాలి.

అభ్యర్థుల కేసులు, ఆస్తులు అఫిడవిట్లలో బయటికొచ్చాయంటే ఏడీఆర్ (అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్) అనే సంస్థ వేసిన కేసులో 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పే కారణం. ఆ సంస్థ మీద నాకు చాలా గౌరవం. కానీ అభ్యర్థుల కేసుల చిట్టా ఫార్వర్డ్ చేస్తే అది చూసి ఓటు మార్చుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు. పైగా పొద్దస్తమానం పోస్టులు పెట్టే ఈ హైదరాబాద్‌లో 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికలకు సగం మంది కూడా కదల్లేదు.

కాబట్టి మీకు గ్రూపుంటే ఈ వారమే అందరి ఎపిక్ నంబర్లూ వెతికించండి, కింద వాచ్‌మన్ నంబరుతో సహా. నామినేషన్ల చివరి తేదీకి పది రోజుల ముందు దాటితే, కొత్తగా ఫారం 6 పెట్టినా ఆ ఎన్నికకు పేరు ఎక్కదు.