నీ ఒంటి కరెంటు సంగతి

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

ఏ వాచీ పెట్టుకున్నా కొన్నాళ్లకే ఆగిపోతోందనీ, నీ ఒంట్లో కరెంటు ఎక్కువని ఎవరో అన్నారనీ రాశావు. వాచీలు విప్పి బిగించడమే నా పని కాబట్టి ఈ మాట నాకు కొత్త కాదు. అలా వచ్చినవాళ్లని నేను మొదట అడిగేది ఒకటే: ఆగింది సరే, ఎలా ఆగింది? చాలామంది దగ్గర జవాబుండదు. చూసేసరికి ఆగి ఉంది, అంతే. నువ్వు ఇకనుంచి అదే గమనించు. ఆగిన తీరులోనే సగం కారణం బయటపడుతుంది.

ముందు ఆ కరెంటు సంగతి తేల్చేద్దాం. ఒంట్లో విద్యుత్తు ఉన్నమాట నిజమే. కానీ ఈసీజీ తీసేటప్పుడు చర్మం మీద దొరికే గుండె సంకేతం ఒక మిల్లీవోల్టు అటూ ఇటూ. వాచీలో వేసే సిల్వర్ ఆక్సైడ్ సెల్ 1.55 వోల్టులు, అంటే దానికి పదిహేనువందల రెట్లు. అయస్కాంతం లెక్కలో చూసినా అంతే. గుండె చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రం భూమి క్షేత్రంలో సుమారు పది లక్షలో వంతు. రాత్రీ పగలూ భూమి క్షేత్రంలోనే ఉండి ఆగని వాచీని నీ గుండె ఏం ఆపుతుంది?

అయితే వాచీని ఆపే అయస్కాంతాలు నీ చుట్టూ బోలెడున్నాయి. సెల్ వాచీలో చిన్న క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యని సర్క్యూట్ పదిహేనుసార్లు సగం చేసుకుంటూ పోతే సెకనుకి ఒకటి మిగులుతుంది. ఆ ఒక్క తాకిడితో ఓ బుల్లి మోటారు సెకన్ల ముల్లుని ఒక అడుగు జరుపుతుంది. ఆ మోటారు మధ్యలో తిరిగేది అయస్కాంతమే. బయటనుంచి ఇంకో బలమైన అయస్కాంతం దగ్గరికొస్తే అది కదలక నిలబడిపోతుంది, దూరం జరిగితే మళ్లీ నడుస్తుంది. మధ్యలో పోయిన నిమిషాలు పోయినట్టే. హ్యాండ్‌బ్యాగు బొత్తం, ట్యాబ్ కవరు, ఫోన్ స్పీకరు, ఇయర్‌ఫోన్ల డబ్బా, వీటిలో నీ మణికట్టు రోజూ దేన్ని రాసుకుంటోందో చూడు. నాలుగు వేళ్ల దూరం ఉంచితే చాలావరకు చాలు.

కీ ఇచ్చే వాచీ అయితే తీరు వేరు. లోపల చక్రాన్ని అటూ ఇటూ ఊపే వెంట్రుకంత సన్నటి స్ప్రింగు ఉంటుంది, దాన్నే హెయిర్ స్ప్రింగ్ అంటారు. దాని చుట్లకి అయస్కాంతం పట్టి ఒకదానికొకటి అతుక్కుంటాయి. స్ప్రింగ్ పొట్టిదైనట్టే లెక్క, అందుకని వాచీ ఎక్కువగా ఆగదు, పరిగెడుతుంది. రోజుకి నిమిషాలకి నిమిషాలు ముందుకి పోతుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. దూరంగా పెట్టినా తగ్గదు. పట్టిన అయస్కాంతాన్ని వదిలించే డీమాగ్నటైజర్ అనే పరికరం మీద పెట్టి తీస్తే ఒక్క క్షణంలో పోతుంది, దానికోసం వాచీ విప్పక్కర్లేదు. ఎవరైనా విప్పాలంటే ఒప్పుకోకు.

ఇక ఆటోమేటిక్. "తీసి పెడితే పొద్దున్నకి ఆగిపోతోంది" అన్న ఫిర్యాదు ఎక్కువగా దీని మీదే. లోపల బరువున్న అర్ధచక్రం చేతి కదలికకి ఊగుతూ స్ప్రింగుని బిగిస్తుంది. నిండుగా బిగిస్తే చాలా వాచీలు 40 గంటల దాకా నడుస్తాయి. కానీ రోజంతా కుర్చీలో కూర్చుని చేతులు బల్ల మీద పెట్టి పనిచేసేవాళ్లకి అది సగం కూడా నిండదు. రాత్రి తీసి పెడతారు, తెల్లారేసరికి ఖాళీ. అదే వాచీ తిరిగే మనిషి చేతికి చక్కగా నడుస్తుంది. ఇంకేం, "నీ చేతికే పడదు" అని పేరు! చాలావాటికి కీ తిప్పి కూడా బిగించవచ్చు. పెట్టుకునే ముందు ముప్పై నలభై చుట్లు తిప్పి వారం చూడు.

మనిషికీ మనిషికీ నిజంగా తేడా ఉండేది చెమటలో. నీకు అరచేతులు కూడా తడిసేంత చెమట పడుతుందని నాకు తెలుసు, కాబట్టి ఇది కాస్త నిదానంగా చదువు. చెమటలో ఉప్పు ఉంటుంది. కొందరి చెమటలో ఆమ్లగుణం ఎక్కువ. పూత వేసిన ఇత్తడి కేసుని, అంటే వాచీ పైడొప్పని, అలాంటి చెమట తొందరగా తినేస్తుంది. వెనక మూత అంచున, కీ పుల్ల పక్కన పచ్చటి మురికి పేరుకుంటుంది. మూత కింద ఉండే రబ్బరు రింగు ఎండి బిగుసుకుపోయాక తేమ లోపలికి దూరుతుంది. అద్దం లోపలివైపు మంచు పట్టినట్టు కనబడిందంటే అదే. అప్పుడు ఎండలో పెట్టి ఆరబెట్టడం వైద్యం కాదు, అదే రోజు విప్పించాలి. తుప్పు ఆగి ఉండదు. నువ్వు స్టీలు కేసు, అందులోనూ తుప్పుకి బాగా తట్టుకునే 316ఎల్ రకం అని ఉన్నది తీసుకో. రాత్రి తీయగానే వెనకభాగం పొడిగుడ్డతో తుడువు. సెల్ మార్పించిన ప్రతిసారీ రబ్బరు రింగు కూడా మార్చమని అడుగు. అడగకపోతే చాలాచోట్ల పాతదే పెట్టి మూసేస్తారు. తడిచేత్తో కీ లాగకు.

కీ అంటే గుర్తొచ్చింది. వాచీ మరీ చేతి కిందికి జారేలా పెట్టుకుంటే మణికట్టు వంచినప్పుడల్లా చేతి వెనకభాగం కీకి తగులుతుంది, చొక్కా మడత తగులుకుని ఒక మెట్టు బయటికి వస్తుంది. చాలా వాచీల్లో కీ బయటికి వస్తే ముల్లు నిలబడిపోతుంది. నా దగ్గరికి వచ్చిన "చచ్చిపోయిన" వాచీల్లో కొన్నిటికి నేను చేసిన రిపేరు దాన్ని లోపలికి నొక్కడమే.

సెల్ గురించి రెండే మాటలు. కొన్న వాచీలో ఉన్న సెల్ ఎన్నాళ్లనుంచి నడుస్తోందో మనకి తెలియదు, అందుకని త్వరగా అయిపోవచ్చు. సెకన్ల ముల్లు రెండేసి సెకన్లు ఒక్కసారే దూకుతుంటే అది చాలా సెల్ వాచీల్లో సెల్ అయిపోతోందన్న సంకేతం.

దీనికి తిరగేసిన కథ ఇంకోటుంది. 1970ల్లో యూరీ గెల్లర్ అని ఒకాయన, ఆగిపోయిన పాత వాచీలు చేత్తో పట్టుకోండి, నా శక్తితో నడుస్తాయి అని టీవీలో చెప్పేవాడు. నడిచేవి కూడా. డేవిడ్ మార్క్స్, రిచర్డ్ కామన్ అనే మనస్తత్వ పరిశోధకులు బాగు చేసేవాళ్లతో ఊరికే వాచీ పట్టుకుని వెచ్చబెట్టి కదిలించి చూడమన్నారు. సగానికి పైగా కదిలాయి. గడ్డకట్టిన నూనె వెచ్చగా ఉంటే పల్చబడుతుంది, అంతే. ఒక చేతికి ఆపే గుణం, ఇంకో చేతికి నడిపించే గుణం అని మనమే పంచిపెట్టేస్తాం.

నువ్వు చెయ్యాల్సింది ఇది. ఇప్పుడున్న వాచీని నాలుగు వారాలు మీ ఇంట్లో ఇంకొకరికి ఇవ్వు. వాళ్లది నువ్వు పెట్టుకో. ఇద్దరూ ఆగిన రోజు, ఆగిన గంట, అప్పుడు చేస్తున్న పని ఓ కాగితం మీద రాయండి. నడిచిన రోజులు కూడా రాయాలి, అసలు మరిచిపోయేది వాటినే. నీ వాచీ వాళ్ల చేతికి కూడా ఆగితే తప్పు వాచీది. వాళ్లది నీ చేతికి మాత్రమే ఆగితే చెమటో, కీ తగలడమో, బ్యాగు బొత్తమో వెతుకుదాం.

ఆ కాగితం, ఆగిన వాచీలు నాకు పంపు. సొరుగులో పడి ఉన్నవాటికి మాత్రం ముందే సెల్ తీయించు. అయిపోయిన సెల్ లోపలే కారితే సర్క్యూట్ తినేస్తుంది, అప్పుడు నేనూ చెయ్యగలిగింది ఉండదు.

మీ పెదనాన్న